వియ్యాలవారి కెమెరా

ఊరికే ఇస్తామన్న వస్తువును పట్టుబట్టి డబ్బిచ్చి కొనుక్కుని, ఆ తర్వాత అమ్మినవాళ్ల మీదికి కొట్లాటకు పోయిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే అయి ఉంటాను. అప్పటికి మా చెల్లి పెళ్లి నెలా పదిహేను రోజుల్లో ఉంది.

నాయిన పోయాక మా ఇంటికి పెద్దదిక్కు నేనే. మచ్చ బొల్లారంలో రెండు గదుల ఇల్లు. అమ్మ, చెల్లి, నేను. మేడ్చల్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో పన్నెండేళ్లుగా జనానికి సూదులు గుచ్చుతున్నాను. "నీ చేతిల సూది కంటె నోట్లె సూదే పెద్దది" అని అమ్మ అంటుంది. పెళ్లి నాకు వద్దనుకున్నాను, అది వేరే సంగతి. చెల్లికి అలియాబాద్ సంబంధం కుదిరినప్పుడు మాత్రం నాకంటే ఎక్కువ సంతోషపడ్డవాళ్లు లేరు. అబ్బాయి నెమ్మదస్తుడు. వాళ్ల నాన్న సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు, మాట తక్కువ మనిషి. వాళ్లమ్మ నవ్విందంటే వీధి చివరికి వినిపిస్తుంది. అలాంటి ఇంట్లో చెల్లి పడిందంటే నాయిన పైనుంచి చూసి మెచ్చుకుంటాడనుకున్నాను.

నిశ్చితార్థం అయిన వారానికి వాళ్లు మమ్మల్ని భోజనానికి పిలిచారు. అమ్మా నేనూ వెళ్లాం. పెళ్లికి ముందు పిల్ల అత్తగారి గడప తొక్కకూడదు కాబట్టి చెల్లి ఇంట్లోనే ఉండిపోయింది. భోజనాలయ్యాక ముందుగదిలో కూర్చుంటే, అద్దాల బీరువాలో గాజు బొమ్మల పక్కన, నల్లటి తోలు సంచిలో చిన్న డిజిటల్ కెమెరా ఒకటి కనిపించింది.

అలాంటి దాని మీద నాకు చాలాకాలంగా కన్నుంది. ఫోను ఫొటోలంటే నాకు ఒళ్లుమంట. మా అమ్మది మంచి నలుపు. ఫోను ఆమె మొహానికి సున్నం కొట్టి, ముడతలు తుడిచేసి, పక్కింటావిడను చేసి చూపిస్తుంది. ల్యాబులో నాతో పనిచేసే ఒకామె పాత కెమెరాతో తీసిన ఫొటోలు ఒకసారి చూపించింది. అందులో మనిషి రంగు మనిషిదే, చీర రంగు చీరదే. అప్పటి నుంచి నాకు ఒకటే పట్టుదల. మండపంలో ఫొటోలు తీసేవాళ్లు ఎలాగూ తీస్తారు. పసుపు దంచే రోజు నుంచి అప్పగింతల దాకా ఇంట్లో మావాళ్ల మొహాలు మావాళ్లవిగా ఉండే ఫొటోలు నేను తీయాలి.

నా చూపు ఎక్కడుందో అబ్బాయి నాన్న, ఆ పెద్దాయన, కనిపెట్టాడు. బీరువా తెరిచి కెమెరా నా చేతిలో పెట్టాడు.

"పదిహేనేండ్ల కిందటిది బిడ్డా. పిలగాండ్లు స్కూల్ల ఉన్నప్పుడు కొన్న. ఇప్పుడు ఎవ్వలు వట్టుకుంటలేరు. తీస్కపో."

"ఉత్తగ వద్దు మామా. పైసలు తీస్కుంటెనే తీస్కపోత."

"గిదేంది? ఇంటోళ్లకు అమ్ముకుంటనా?"

అమ్మ నా తొడ మీద గిల్లింది. నేను వినలేదు. పెళ్లి కాకముందే మగపిల్లవాడి ఇంటి నుంచి ఊరికే వస్తువు తెచ్చుకున్నామన్న మాట మా మీద పడకూడదు. నాయిన ఉన్నా అదే అనేవాడని నా నమ్మకం. నోట్లు టీ గ్లాసు కింద పెట్టి లేచాను. ఆయన వాటిని ముట్టుకోలేదు. గేటు దాకా వచ్చి, "అద్దం మీద వేలు వెట్టకు బిడ్డా, ఏమన్నయితె మెత్తటి గుడ్డతోని తుడువు" అని మాత్రం అన్నాడు. సంచిలో గుడ్డ కూడా ఆయనే మడిచి పెట్టాడు.

మా ఇంటికి కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు దేవుడి దగ్గర పెడతాం. మిక్సీ, స్కూటీ, చెల్లి ల్యాప్‌టాప్, ఆఖరికి గ్యాస్ సిలిండర్ కూడా బొట్టు పెట్టించుకోకుండా మా వంటింట్లోకి రాదు. నాయిన పోయినప్పటి నుంచి అమ్మ పసుపు కుంకుమల గిన్నె ముట్టదు, ఆ పని నాది. కెమెరా ఊరికి పాతదైనా మాకు కొత్తదే కదా. స్కూటీకి పూజ చేసేటప్పుడు ఇంజను నడుస్తూ ఉండాలనేవాడు నాయిన. ఆగిపోయిన బండికి మొక్కితే ఏం లాభం అనేవాడు. ఆ లెక్కనే కెమెరా ఆన్ చేసి పీట మీద పెట్టాను. లెన్సు గొట్టం జుయ్‌మంటూ ముందుకు వచ్చింది. పెద్దాయన మాట మరిచిపోలేదు, అద్దం ముట్టలేదు. గొట్టానికి చుట్టూ పసుపు రాసి, పైన తడి కుంకుమతో నిండుగా బొట్టు పెట్టాను. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, ఫోనుతో ఫొటో తీసి ఆయనకు పంపాను: "మామా, మీ కెమెరా మా ఇంట్ల అడుగువెట్టింది." ఆయన రెండు దండం బొమ్మలు పంపాడు. కెమెరా ఆపేసి సంచిలో పెట్టాను.

ఆదివారం అమ్మను శామీర్‌పేట చెరువు కట్ట మీదికి తీసుకెళ్లాను. గొట్టం కొంచెం బరువుగా కదిలినట్టు అనిపించింది కానీ పాతది కదా అనుకున్నాను. నీళ్లకు వీపు పెట్టి అమ్మ నిలబడింది. ఎండకు కళ్లు చికిలించింది. వెనకవైపు తెరలో చూస్తే నా ఒళ్లు పులకరించింది. నల్లగా, నుదుటి మీద గీతలతో, పైపన్ను కొంచెం బయటికి, అచ్చం మా అమ్మ. "గిదేంది, గింత ముసలిదాన్నా నేను?" అని ఆమె అలిగింది కానీ ఆ ఫొటో మూడుసార్లు చూసుకుంది.

బుధవారం పొద్దున ల్యాబుకు బయల్దేరుతూ ఆన్ చేస్తే గొట్టం సగం దాకా వచ్చి గర్రుమని ఆగింది. తెర మీద ఏదో ఇంగ్లీషు మాట మెరిసి ఆరిపోయింది. పెన్సిల్ సెల్లు మార్చాను. మళ్లీ గర్రుమంది. గొట్టం సగం బయట, సగం లోపల, నాలుక కరుచుకున్నట్టు ఉండిపోయింది.

నాకు బాధ కంటే ముందు కోపం వస్తుంది. పుట్టుకతో వచ్చిన జబ్బు. మధ్యాహ్నం మేడ్చల్‌లో మొబైల్ రిపేర్ దుకాణానికి వెళ్లాను. దుకాణమతను దాన్ని తెరవనైనా తెరవలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "అక్కా, గిది కిందవడ్డ కేసు. లోపట గేర్ల పండ్లు ఇరిగినయ్. అమ్మినోనికి ఎరుకుంటది, గందుకే అమ్మిండు" అని తిరిగిచ్చాడు.

ఆ మాట కోసమే వెళ్లానేమో. దుకాణం మెట్లు దిగకముందే ఫోను తీశాను.

"మామా, మీ కెమెరా పనిజేస్తలేదు."

"ఏమైంది బిడ్డా?"

"ఏమైందో మీకే ఎరుకుండాలె. కిందవడ్డదాన్ని నాకు అంటగట్టిండ్రు. ఉత్తగ ఇస్తె సప్పుడు జెయ్యక మూలకేస్తుంటి. పైసలు తీస్కొని గిట్లనా ఇచ్చేది? లెక్కల సారు లెక్క మంచిగనే ఉన్నది."

రోడ్డు మీద లారీ హారన్ పోయేదాకా ఆయన ఆగాడు.

"నా కాడ ఉన్నన్ని దినాలు నడిచింది బిడ్డా. నీ పైసలు అట్లనే ఉన్నయ్. పంపిస్త" అని ఫోను పెట్టేశాడు.

సాయంత్రానికి డబ్బు నా ఫోనులోకి వచ్చి పడింది. చూశారా, తప్పు ఒప్పుకున్నాడు అనుకున్నాను. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు. వియ్యం కుదిరిన నెలలోపే నేను కయ్యానికి కొంగు బిగించాను. నా ఎదురుగా ఉన్న మనిషి కయ్యానికి రావడం లేదన్నది మాత్రం నా బుర్రకు ఎక్కలేదు.

ఆ శనివారం రెండు ఇళ్లవాళ్లం కలిసి పెళ్లి బట్టలకు వెళ్లాలి. శుక్రవారం పెద్దాయన భార్య అమ్మకు ఫోను చేసింది. "సారుకు ఒంట్లె మంచిగ లేదు వదినా. బట్టలకు తర్వాత పోదాం." తర్వాత అంటే ఎప్పుడని అమ్మ అడిగింది. చెప్తామంది. నవ్వలేదు. ఫోను పెట్టేశాక అమ్మ చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"ఏమన్నవే అక్కా ఆయనను?" చెల్లి తలుపు దగ్గర నిలబడి అడిగింది.

చెప్పాను. చెప్తున్నకొద్దీ నా మాటలు నాకే గరుకుగా తగిలాయి. అయినా ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను, నాకు దాచడం రాదు.

చెల్లి అరవలేదు. "నువ్వు ఫోన్ల ఒక్కపాలి అన్నవ్. నేను గా ఇంట్ల బతకాలె. గా మాట నాకు రోజు వినవడ్తది" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నం దగ్గరికి రాలేదు. "నోరు మంచిదైతె ఊరు మంచిదైతది బిడ్డా" అని అమ్మ కంచాలు తీసింది.

వారం గడిచింది. అలియాబాద్ నుంచి ఫోను లేదు. అబ్బాయి చెల్లితో మాట్లాడుతున్నాడు కానీ రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. చెల్లి ఫోను పట్టుకుని డాబా ఎక్కడం, వెంటనే దిగి రావడం నేను వంటింట్లోంచి లెక్కపెట్టుకునేదాన్ని. ల్యాబులో ఒక ముసలాయన చేతికి రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. పన్నెండేళ్లలో నాకు అలా జరగలేదు. ఈ సంబంధం తప్పిపోతే చెల్లి నా మొహం చూడదు. చూడమని అడిగే హక్కు కూడా నాకు ఉండదు. నిజం చెప్పాలంటే నేను భయపడ్డాను. కానీ నాకు భయం వేస్తే క్షమాపణ గుర్తుకు రాదు, రుజువు గుర్తుకు వస్తుంది. తప్పు వాళ్లదే అని తేలిపోతే నా మాట న్యాయమైపోతుంది, ఎవరూ ఏమనలేరు అనుకున్నాను.

సుచిత్ర చౌరస్తాలో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడని, పాత కెమెరాలకు ఆయనే డాక్టరని ల్యాబులో పాత కెమెరా ఉన్న ఆమె చెప్పింది. చెల్లిని సాక్ష్యానికి రమ్మన్నాను. "నీ మామ ఏమి అమ్మిండో నీ కండ్లతోనే సూడు." చెల్లి చెప్పులు వేసుకుంది.

టిఫిన్ సెంటరు మీద రెండో అంతస్తులో ఇరుకు గది. ఆయన పద్ధతి ఒకటుంది: వస్తువు తెచ్చిన మనిషి ఎదురుగా కూర్చుంటేనే స్క్రూ విప్పుతాడు. "వదిలిపెట్టి పోతె తర్వాత పార్టు మార్చినవంటరు. గందుకే నీ ముంగటే విప్పుత, నీ ముంగటే బిగిస్త" అన్నాడు.

"మంచిది సార్. నాకూ గదే గావాలె. గిది పాత దెబ్బని కాయితం మీద రాసియ్యాలె."

"రాసిస్త. ముందుగాల సూడనీ."

బల్ల మీద తెల్లటి అతుకు టేపు పరిచి, విప్పిన ఒక్కో స్క్రూను వరసగా దానికి అంటించాడు. సెల్లుల అర తెరిచి టార్చి వేసి చూశాడు. అంచులు వేలితో తడిమాడు.

"కిందవడ్డదని ఎవలన్నరు?"

"మేడ్చల్‌ల చూపెట్టిన."

"మూలలకు గీత లేదు. సెల్లుల కాడ తుప్పు లేదు. పదిహేనేండ్ల వస్తువును గిట్ల ఉంచినోన్ని నేను ఈ మధ్య సూడలే. వాడినాయన మస్తు జాగ్రత్త మనిషి."

చెల్లి నా వైపు చూసింది. నేను టేపు మీది స్క్రూల వైపు చూశాను. ఆయన గొట్టాన్ని నెమ్మదిగా బయటికి లాగాడు. ఒక వలయం తీశాడు, ఇంకోటి తీశాడు. మూడోది తీశాక ఆగాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూదిని స్పిరిట్‌లో ముంచి లోపల తిప్పి బయటికి తీశాడు.

దూది ఎర్రగా ఉంది.

నేను రోజూ చూసే ఎరుపే, రక్తం అంటిన దూదిలాగే ఉంది. అది రక్తం కాదని తెలియడానికి నాకు పరీక్ష అక్కర్లేదు.

"కుంకుమమ్మా ఇది. గిటు చూడు, పసుపు గూడ ఉన్నది. తడిమీద లోపటికి పోయి ఎండి, పండ్లల్ల సిమెంటు లెక్క వట్టింది. పూజ జేసిండ్రా?"

"చేసినం."

"ఆన్ జేసి?"

చెల్లే చెప్పింది. "ఆన్ జేసే వెట్టింది సార్. ఇంజను నడ్వాలె అన్నది."

ఆయన నవ్వలేదు. "దసరా అయినంక నెల రోజులు నాకు గిదే పని" అన్నాడు మామూలుగా. తర్వాత చొక్కా జేబులోంచి పెన్ను తీసి, బల్ల మీది చీటీల కట్ట ముందుకు జరుపుకున్నాడు. "రాసియ్యమన్నవు గద. ఏం రాయాలె?"

ఏళ్లుగా ఊరందరికీ జవాబులు చెప్పిన నోరు నాది. ఆ పూట ఒక ముసలాయన ముందు తల దించుకుని "ఏం వద్దు సార్, బాగుజేయండ్రి" అంది. చెల్లి లేచి మెట్లు దిగిపోయింది. వెనక్కి పిలిచే మొహం నాకు లేదు. ఆయన ఒక్కో పన్ను తుడిచి, నూనె వేసి, మూడు గంటల తర్వాత బిగించాడు. గొట్టం జుయ్‌మని పూర్తిగా బయటికి వచ్చింది. ఆ ఎర్ర దూది ఇమ్మని అడిగితే వింతగా చూసి, కాగితంలో చుట్టి ఇచ్చాడు.

మర్నాడు సెలవు పెట్టి ఒక్కదాన్నే అలియాబాద్ వెళ్లాను. చెల్లి అప్పటికీ నాతో మాట్లాడలేదు. బస్సు శామీర్‌పేట దాటుతుంటే చెరువు కనిపించింది. నాలుగు వాక్యాలు తయారు చేసుకున్నాను. గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. పెద్దాయన వరండాలో పేపరు చదువుతున్నాడు. ఒంట్లో బాగాలేనట్టు ఏమీ లేడు.

"రా బిడ్డా" అని కుర్చీ జరిపాడు.

కూర్చోలేదు. కాగితం విప్పి దూది ఆయన ముందు స్టూలు మీద పెట్టాను. "మామా, తప్పు నాది. గీ కుంకుమ నేను వెట్టిందే. నోటికొచ్చినట్టు అన్న."

ఆయన దూదిని చూడలేదు. ఫోను తీసి, కాసేపు వెతికి, నా ముందు పెట్టాడు. నేను పంపిన పూజ ఫొటో. పీట మీద కెమెరా, బయటికి వచ్చిన గొట్టం, దాని మీద రూపాయి బిళ్లంత, వెలుగుతున్నట్టు నా బొట్టు.

"గా దినమే సూసిన. తుడువుమని చెప్దామనుకున్న. గంత మురుసుకుంట పంపినవ్, దేవుని బొట్టును తుడువుమని ఎట్ల చెప్పుదు? ఇయ్యాల రేపు అనుకుంటనే ఉన్న. గంతల నీ ఫోనొచ్చింది."

కుర్చీలో కూలబడ్డాను. "మరి గన్ని మాటలంటుంటె అప్పుడన్న చెప్పొచ్చు గద మామా?"

"చెప్తె నువ్వు ఊకుంటుంటివా?" అన్నాడు. నిజమే, ఊరుకునేదాన్ని కాదు. "నువ్వొకటందువు, నేనొకటందును. మనిద్దరం మరిచిపోతుంటిమి. గవన్ని మోసేది ఎవలు? గీ ఇంట్లకొచ్చే నీ చెల్లె."

"అత్త బట్టలకు వద్దన్నది..."

"నేనే జర ఆగుదమన్న. ఎదురువడితె నోరు జారుతనేమో అని. నేను గూడ మనిషినే గద బిడ్డా. లెక్కల సారు లెక్క అన్నవు సూడు, గదొక్కటి గుచ్చింది."

నేను ఏడ్చాను. నాయిన పోయినప్పుడు అమ్మనూ చెల్లినీ పట్టుకోవాల్సి వచ్చి ఏడవలేదు. ఆ వరండాలో, ఇంకా వియ్యంకుడు కూడా కాని మనిషి ముందు ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. పేపరు మడిచి పక్కన పెట్టి, ఆగేదాకా ఆగాడు. నేను సంచి ఆయన ముందు పెట్టి ఉంచుకోమన్నాను.

"మరి పెండ్లికి ఫొటోలు ఎవలు తీస్తరు? తీస్కపో. ఈపారి ఉత్తగనే."

ఈసారి డబ్బు మాట ఎత్తలేదు. రెండు చేతులతో తీసుకున్నాను.

లోపలి నుంచి ఆయన భార్య టీ తెచ్చింది. నా మొహం చూసి, ఆయన వైపు చూసింది. ఆయన తలూపాడు. "ఐతారం బట్టలకు పోదామని అమ్మకు చెప్పు" అంది. లేచి వస్తుంటే, ఇంటికి వచ్చిన ఆడమనిషిని ఊరికే పంపకూడదని కుంకుమ భరిణె పట్టుకుని ఎదురొచ్చింది. నాకు తెలియకుండానే కెమెరా చేయి వీపు వెనక్కి పోయింది. పెద్దాయన పకపకా నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదలు. "ఏందో?" అని ఆమె నా నుదుటికి బొట్టు పెడుతూ అడిగింది. అప్పుడు అర్థమైంది, ఆయన ఇంట్లో భార్యకు కూడా ఏ సంగతీ చెప్పలేదు.

హైవే మీద బస్సు కోసం నిలబడి చెల్లికి ఫోను చేశాను. ఎత్తదనుకున్నాను. మొదటి రింగుకే ఎత్తింది.

"ఏమన్నడు అక్కా?"

"ఏమనలే," అన్నాను. "మొదటిసంది ఏమనలేదే."